ఆఫ్రికా జీడిపిక్కల దిగుమతి కాగితాలు ఏఐతో సరిచూడటం: పలాస ఫ్యాక్టరీకి ఏ దారి మేలు?

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలకు పిక్కలు (పెంకు తీయని జీడి గింజలు) రెండు దారుల్లో వస్తాయి. ఉద్దానం తోటల నుంచి వచ్చే బస్తానైతే విప్పి, గుప్పెడు పిక్కలు కోసి చూసి బేరమాడుకోవచ్చు. ఆఫ్రికా నుంచి విశాఖ రేవుకు వచ్చే బస్తాకు మాత్రం కాగితం ముందు, పిక్క వెనక. ఆ కాగితాల్లో ఒక్క అంకె తేడా వచ్చినా, పిక్క ఎంత నాణ్యమైనదైనా కంటైనర్ సీఎఫ్‌ఎస్‌లో (రేవు దగ్గర కంటైనర్లు దించి ఉంచే యార్డులో) కూర్చుంటుంది. అద్దె, డిటెన్షన్ (కంటైనర్ తిరిగివ్వడం ఆలస్యమైనందుకు ఓడ కంపెనీ వేసే రుసుము) రోజురోజుకీ పెరుగుతాయి.

ఈ కాగితాలు సరిచూడటానికి ఇప్పుడు ఏఐ వాడొచ్చు. ఎలా వాడాలన్నదానికి దారులు చాలా ఉన్నాయి, అమ్మేవాళ్లూ చాలామంది ఉన్నారు. మా సలహా ముందే చెబుతాం. ఏడాదికి పాతిక ముప్పై కన్‌సైన్‌మెంట్ల లోపు తెచ్చే ఫ్యాక్టరీ అయితే, డబ్బు కట్టి వాడే మామూలు చాట్ ఏఐతో కాగితాలు చదివించి, ఆ అంకెలను ఎక్సెల్ షీటులో పోల్చుకుంటే చాలు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సీహెచ్‌ఏను (కస్టమ్స్ పని చేసిపెట్టే ఏజెంటును) మానేయడం అసలే వద్దు. అలా ఎందుకు అంటున్నామో, ఎవరికి ఈ సలహా సరిపడదో కింద వివరంగా ఉంది.

బాధ్యత ఎవరి మీద ఉంటుంది

బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) దాఖలు చేసేది సీహెచ్‌ఏనే అయినా, అందులో ప్రతి అంకెకూ జవాబుదారు దిగుమతిదారే. కస్టమ్స్ చట్టం 1962లో 17వ సెక్షన్ డ్యూటీని మీరే లెక్కగట్టుకోమంటుంది. 46(4ఎ) సెక్షన్ ఆ వివరాలు నిజమైనవేనా, పూర్తిగా ఉన్నాయా అని చూసుకునే భారం మీ మీదే పెడుతుంది. దానికి తోడు 2020 అక్టోబరు 31 నాటికి దేశమంతటా ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ అమల్లోకి వచ్చేసింది. విశాఖలో దిగిన సరుకు కాగితాలను వేరే ఊళ్లో ఉన్న అధికారి తెర మీద చూస్తారు. ఆఫీసుకు వెళ్లి నోటితో సర్దిచెప్పుకునే రోజులు పోయాయి. కాగితం ఏం చెబితే అదే మీ మాట.

గడువు కూడా బిగుసుకుంది. ఓడ వచ్చే రోజుకు ముందురోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ పడాలి, అది సెలవు రోజైనా సరే. దాటితే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆ తరువాత రోజుకు 10,000 చొప్పున లేటు ఫీజు. ఐదు రోజులు ఆలస్యమైతే 35,000 పోయినట్టే. సప్లయరు పంపిన కాగితంలో తప్పును ఓడ బయల్దేరిన వారంలో పట్టుకుంటే దిద్దించుకోవచ్చు. రేవుకు చేరాక పట్టుకుంటే ఆ దిద్దుబాటుకు మీరు సొమ్ము కట్టాలి. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా, స్కాన్ కాపీలు వాట్సాప్‌లో వచ్చిన రోజే సరిచూడగలగాలి. మిగతా సౌకర్యాలన్నీ దీని తరువాతే.

ఏఐ చేత ఏం చూడించాలి

పిక్కల కన్‌సైన్‌మెంటుకు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం), సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పేది), ఫైటో (సరుకుకు పురుగు, తెగులు లేదని చెప్పేది), ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ (పురుగుమందు పొగ పట్టించినట్టు), బరువు నాణ్యత సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, మీ కాంట్రాక్టు ఉంటాయి. తొమ్మిది కాగితాలు, అన్నింటా అవే అంకెలు మళ్లీ మళ్లీ. తప్పులు దొరికేది ఈ మళ్లీ మళ్లీ వచ్చే చోటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇరవై అడుగుల కంటైనర్లు ఐదు, ఒక్కోదానిలో 80 కిలోల బస్తాలు 200. మొత్తం 1,000 బస్తాలు, నికర బరువు 80,000 కిలోలు. గోనె సంచి బరువు కిలో అనుకుంటే స్థూల బరువు 81,000. బీఎల్ మీద ఐదు కంటైనర్లూ ఉన్నాయి. ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ మీద మాత్రం నాలుగే ఉన్నాయి. ఐదోదానికి మందు పట్టించలేదా, టైపు చేసినవాళ్లు వదిలేశారా అన్నది ఇక్కడి నుంచి ఎవరూ చెప్పలేరు. ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు మాత్రం ఆ ఐదో కంటైనర్‌ను ఆపుతారు. అలాగే ఫ్యూమిగేషన్ తేదీ బీఎల్ తేదీ తరువాత పడినా, ఫైటోలో బస్తాల లెక్క తగ్గినా ప్రశ్న తప్పదు.

బీఎల్ నంబరును ప్రత్యేకంగా చూడాలి. షిప్పింగ్ లైను (ఓడ కంపెనీ) దాఖలు చేసిన ఐజీఎంలో (ఓడలో వచ్చే సరుకుల జాబితాలో) ఉన్న నంబరు, తేదీ, బస్తాల లెక్క మీ బిల్ ఆఫ్ ఎంట్రీతో కలవాలి. సున్నా ఉన్న చోట ఇంగ్లిష్ ‘ఓ’ పడితే రెండూ కలవవు. ఐజీఎంలో తప్పుంటే దాన్ని దిద్దించాల్సింది లైనే, వాళ్ల ఫీజు వేరే.

డబ్బు పరంగా పెద్దవి రెండు. మొదటిది ఫ్రైటు, ఇన్సూరెన్సు. ఎఫ్‌ఓబీ ధర (ఓడ ఎక్కించేదాకా అయ్యే ధర, ఓడ కిరాయి, బీమా కలపనిది) టన్నుకు 1,200 డాలర్లు అనుకోండి. 80 టన్నులకు 96,000 డాలర్లు. అసలు ఫ్రైటు 5,000 డాలర్లే అయినా, దాని రుజువు జత చేయకపోతే వాల్యుయేషన్ రూల్సు 2007లోని 10వ రూలు ప్రకారం ఎఫ్‌ఓబీ మీద 20 శాతం ఫ్రైటుగా కలుపుతారు. అంటే 19,200 డాలర్లు. ఇన్సూరెన్సు కాగితం లేకపోతే మరో 1.125 శాతం, అంటే 1,080 డాలర్లు. పిక్కల మీద బేసిక్ డ్యూటీ 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గింది. దాని మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి కలిపితే 2.75. ఐజీఎస్టీ 5 శాతం క్రెడిట్‌గా తిరిగొస్తుంది, 2.75 తిరిగి రాదు. ఫ్రైటులో అదనంగా పడిన 14,200 డాలర్ల మీద 390 డాలర్లు ఊరికే పోతాయి, ఐజీఎస్టీ సొమ్ము కూడా కొన్నాళ్లు ఇరుక్కుంటుంది. ఒక్క ఫ్రైటు రసీదు జత చేయనందుకు.

రెండోది సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. వెనుకబడిన దేశాలకు మన దేశం ఇచ్చే డ్యూటీ రాయితీ కింద బెనిన్, టాంజానియా, మొజాంబిక్ వంటి దేశాల పిక్కలకు బేసిక్ డ్యూటీ పడదు. ఐవరీ కోస్ట్, ఘనా ఆ జాబితాలో లేవు. మన ఉదాహరణలో ఈ రాయితీ విలువ 2,700 డాలర్ల పైమాటే. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న కారొటార్ రూల్సు (రాయితీ అడిగే సరుకు ఏ దేశానిదో రుజువు చేసే నిబంధనలు) ప్రకారం సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదు. సర్టిఫికెట్ నంబరు, తేదీ, ఏ ప్రాతిపదికన ఆ దేశపు సరుకు అయింది, సరుకు నేరుగా వచ్చిందా లేదా అన్నవి బిల్ ఆఫ్ ఎంట్రీలో నింపాలి. సరుకు పుట్టుక వివరాలు రాసే ఫారం 1 సమాచారం దగ్గర పెట్టుకుని కనీసం ఐదేళ్లు దాచాలి. బుర్కినా ఫాసోకు సముద్రం లేదు. అక్కడి పిక్క అబిజాన్ రేవులోనో తెమా రేవులోనో ఎక్కుతుంది. సర్టిఫికెట్‌లో ఒక దేశం, బీఎల్‌లో ఎక్కించిన రేవు ఇంకో దేశం, ఇన్వాయిస్ దుబాయ్ ట్రేడరుది. ఇలా మూడు దేశాలు కనిపిస్తే జెండా ఎగరేయడం ఏఐకి తేలిక. ఆ సరుకుకు రాయితీ అడగాలా వద్దా అన్నది మాత్రం మీరు, సీహెచ్‌ఏ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. అది ఏఐకి వదలొద్దు.

మొదటి దారి: సీహెచ్‌ఏ ఒక్కరే

ఇప్పుడు ఎక్కువమంది ఉన్నది ఇక్కడే. అనుభవమున్న సీహెచ్‌ఏకు ఏ కాగితం మీద ప్రశ్న వస్తుందో తెలుసు, పోర్టులో ఎవరిని అడగాలో తెలుసు. ఇది ఏ యంత్రమూ ఇవ్వలేదు. లోటు వేరే చోట ఉంది. పశ్చిమ ఆఫ్రికా పంట ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, టాంజానియా, మొజాంబిక్ పంట అక్టోబరు నుంచి జనవరి దాకా. అందరి కంటైనర్లూ ఒకే నెలల్లో వచ్చిపడతాయి. ఆ రద్దీలో మీ కాగితాలు ఆయన ఆఫీసులో ఒక గుమాస్తా చేతిలో పది నిమిషాలు నిలవడమే ఎక్కువ. పైగా ఆయన చూసేది కస్టమ్స్‌కు కావాల్సిన అంకెలే. మీ కాంట్రాక్టులో రాసుకున్న 47 పౌండ్ల అవుట్‌టర్న్ (80 కిలోల బస్తాకు వచ్చే పప్పు బరువు), తేమ శాతం, ఎంతకు తగ్గితే సరుకు తిప్పి పంపొచ్చు అన్న షరతు ఆయన చూడరు, అది ఆయన పనీ కాదు.

దాఖలుకు ముందు సీహెచ్‌ఏ మీకు ‘చెక్‌లిస్టు’ పంపుతారు. బిల్ ఆఫ్ ఎంట్రీ ముసాయిదా అదే. చాలామంది ఫోనులో తెరిచి, మొత్తం డ్యూటీ ఎంతో చూసి, ‘ఓకే’ కొట్టేస్తారు. ఆ ‘ఓకే’తో తప్పు మీ ఖాతాలోకి వస్తుంది. ఏఐకి డబ్బు పెట్టదలచుకోకపోయినా ఫరవాలేదు గానీ, ఆ చెక్‌లిస్టును ఇన్వాయిస్, బీఎల్ పక్కన పెట్టుకుని వరుస వరుసా చదవడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. ఏడాదికి నాలుగైదు కన్‌సైన్‌మెంట్లే తెచ్చేవారికి ఈ దారి చాలు.

రెండో దారి: చాట్ ఏఐ, పక్కన షీటు

చాట్‌జీపీటీ, క్లాడ్, జెమినై లాంటివి పీడీఎఫ్‌ను, ఫొటోను చదవగలవు. ఐవరీ కోస్ట్, బెనిన్ కాగితాలు ఫ్రెంచిలో వస్తాయి, మొజాంబిక్ కాగితాలు పోర్చుగీసులో. మన గుమాస్తా వాటిని చదవలేడు, ఏఐ చదువుతుంది. చిన్న ఫ్యాక్టరీకి ఇది పెద్ద లాభం.

అయితే చాలామంది మొదటి రోజే ఒక తప్పు చేస్తారు. తొమ్మిది కాగితాలూ ఒకేసారి పెట్టి “తేడాలుంటే చెప్పు” అని అడుగుతారు. అలా అడిగితే ఏఐ అంకెలను కలిపేసుకుంటుంది. ఎనిమిది కాగితాల్లో 1,000 బస్తాలు చూశాక, తొమ్మిదోదాంట్లో మసకగా ఉన్న 998ని కూడా 1,000గా చదివే ప్రమాదం ఉంది. పట్టాల్సిన తప్పును అదే కప్పేస్తుంది. అందుకే ఒక్కో కాగితం విడిగా, కొత్త సంభాషణలో ఇవ్వాలి. ఇలా అడగండి:

“ఈ ఒక్క కాగితమే చదువు. బస్తాల సంఖ్య, నికర బరువు, స్థూల బరువు, కంటైనర్ నంబర్లు, సీల్ నంబర్లు, తేదీలు, సరుకు పుట్టిన దేశం, ఎక్కించిన రేవు, కొన్నవారి పేరు ఒక్కోటి ఒక్కో వరుసలో రాయి. ప్రతిదాని పక్కన కాగితం మీద ఎలా అచ్చయి ఉందో ఒక్క అక్షరం మార్చకుండా రాయి, పేజీ నంబరు వేయి. లేకపోతే ‘లేదు’ అను. చదవలేకపోతే ‘మసక’ అను. లెక్కలు కట్టొద్దు, దేన్నీ సరిదిద్దొద్దు.”

వచ్చిన జవాబును షీటులో ఒక నిలువు వరుసలో పోయండి. తొమ్మిది కాగితాలకు తొమ్మిది నిలువు వరుసలు. చివరి వరుసలో అన్నీ సమానమా కాదా అని చెప్పే ఫార్ములా. కూడికలు, డ్యూటీ లెక్క షీటే చేయాలి, ఏఐ చేయకూడదు. చాట్ ఏఐ చదవడంలో గట్టిది. పొడుగాటి కూడికలో తప్పు చెప్పినా, అంతే ధీమాగా చెబుతుంది.

అంకెల మీద కామా, చుక్కలను ప్రత్యేకంగా కనిపెట్టండి. ఫ్రెంచి పద్ధతిలో కామా అంటే మన దశాంశ బిందువు. బీఎల్‌లో ‘16,040 టన్నులు’ అని ఉంటే అది పదహారు టన్నుల నలభై కిలోలు, పదహారు వేల టన్నులు కాదు. ‘16.040,500 కిలోలు’ అని ఉంటే పదహారు వేల నలభైన్నర కిలోలు. తేదీ 04/03 అంటే అక్కడ మార్చి 4. నెల ముందు రాసే అలవాటున్న సాఫ్ట్‌వేర్ దాన్ని ఏప్రిల్ 3గా తిప్పేస్తే, బీఎల్ కంటే ముందే వచ్చిన ఫైటో తరువాత వచ్చినట్టు కనిపిస్తుంది. అచ్చయింది అచ్చయినట్టే రాయించుకోమన్నది ఇందుకే. తిప్పడం మీరు చేయాలి.

కంటైనర్ నంబరుకు మాత్రం కంటితో పనిలేదు, దానిలోనే తాళం ఉంది. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక తనిఖీ అంకె. అక్షరాలకు ఏ అంటే 10 నుంచి మొదలుపెట్టి 11, 22, 33 వదిలేస్తూ విలువలు ఇస్తారు. జెడ్ వచ్చేసరికి 38 అవుతుంది. పది స్థానాలనూ వరుసగా 1, 2, 4, 8 అంటూ 512 దాకా గుణించి కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషమే తనిఖీ అంకె. శేషం 10 వస్తే సున్నా. సీఎస్‌క్యూయూ 305438 నంబరుకు మొత్తం 6185 వస్తుంది, శేషం 3. కాబట్టి పెట్టె మీద చివర 3 ఉండాలి. మొదటి 3ను ఏఐ 8గా చదివితే మొత్తం 6265 అవుతుంది, శేషం 6, తప్పు వెంటనే బయటపడుతుంది. ఈ ఫార్ములా షీటులో ఒకసారి పెడితే చాలు. స్కానింగులో 8, ‘బి’, 5, ‘ఎస్’ తారుమారైన తప్పుల్లో చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

ఇక్కడ జరిగే తప్పులు ఇంకొన్ని ఉన్నాయి. రబ్బరు ముద్ర బరువు మీద పడితే ఏఐ ఊహించి రాస్తుంది. ఐదు కంటైనర్ల పట్టిక రెండో పేజీకి పొంగితే నాలుగింటితో ఆపేస్తుంది. నికర, స్థూల బరువుల వరుసలు దగ్గరగా ఉంటే అటుదిటు చేస్తుంది. వాట్సాప్ ఫొటో కాకుండా అసలు పీడీఎఫ్ అడిగి తెప్పించుకుంటే వీటిలో సగం పోతాయి. నోటిఫికేషన్ నంబర్లు, డ్యూటీ రేట్లు మాత్రం దాన్ని అడగొద్దు. లేని నంబరును కూడా అచ్చంగా నిజంలాగే చెబుతుంది. అవి సీబీఐసీ (కేంద్ర కస్టమ్స్ బోర్డు), ఐస్‌గేట్ (కస్టమ్స్ ఆన్‌లైన్ పోర్టల్) సైట్లలోనే చూడాలి.

మూడో దారి: పేజీ లెక్కన చదివే సర్వీసు, సొంత రూల్సు

గూగుల్ డాక్యుమెంట్ ఏఐ, మైక్రోసాఫ్ట్ అజూర్, అమెజాన్ టెక్స్‌ట్రాక్ట్ వంటివి పేజీకింతని తీసుకుని, ప్రతి అంకెతోపాటు ‘ఇది ఎంత నమ్మకంగా చదివాను’ అన్న స్కోరు కూడా ఇస్తాయి. చాట్‌తో పోలిస్తే అసలు లాభం ఆ స్కోరే. స్కోరు తగ్గిన అంకెలను మాత్రం మనిషి చూస్తే చాలు. మెయిల్‌కు కాగితం రాగానే దానంతటదే చదివి షీటులో పోసేలా పెట్టుకోవచ్చు.

కానీ ఇది కొని తెచ్చి బిగించే వస్తువు కాదు. కోడు రాయగల మనిషి కావాలి. శ్రీకాకుళంలో, విజయనగరంలో అలాంటి బీటెక్ పిల్లలు దొరుకుతారు. వారం, పది రోజుల్లో మొదటి రూపం కట్టిస్తారు. చిక్కు ఆ తరువాత వస్తుంది. కొత్త సప్లయరు వేరే నమూనా ఇన్వాయిస్ పంపుతాడు, వరుసలు తప్పుతాయి, అప్పటికి ఆ అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరిపోయి ఉంటాడు. మరమ్మతు ఎవరు చేస్తారో ముందే రాసుకోకుండా ఈ దారిలో దిగొద్దు. ఏడాదికి యాభై దాటి, అందులో ఎక్కువ భాగం అవే ముగ్గురు నలుగురు సప్లయర్ల నుంచి వచ్చేవారికి ఇది గిట్టుబాటు.

కాశీబుగ్గలో నాలుగు ఫ్యాక్టరీలు కలిసి ఇలాంటిదొకటి కట్టించుకుంటే ఖర్చు పంచుకోవచ్చు అనిపిస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఒకరి కొనుగోలు ధర ఇంకొకరికి కనిపించకుండా విడివిడి ఖాతాలు ఉండాలి. పిక్కల వ్యాపారంలో టన్నుకు పది డాలర్ల తేడా కూడా రహస్యమే.

నాలుగో దారి: రెడీమేడ్ కస్టమ్స్ సాఫ్ట్‌వేర్

కాగితాలు చదివి, హెచ్‌ఎస్ కోడు (డ్యూటీ తేల్చడానికి ప్రతి సరుకుకూ ఉండే నంబరు) సూచించి, బిల్ ఆఫ్ ఎంట్రీ ఫైలు దాకా తయారుచేసే ప్యాకేజీలు ఉన్నాయి. ఇవి ప్రధానంగా సీహెచ్‌ఏల కోసం, పెద్ద కంపెనీల కోసం తయారైనవి. పిక్కల ఫ్యాక్టరీకి ఇవి ఎక్కువైపోతాయి. కారణం తేలిక. పిక్కల ఇన్వాయిస్‌లో సరుకు ఒక్కటే లైను, కోడు ఒక్కటే, 0801 31. అక్కడి శ్రమంతా కంటైనర్లు, బస్తాలు, బరువులు సరిపోల్చడంలోనే ఉంది. కోడు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు మీ దగ్గర పనేముంది?

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో యంత్రాల విడిభాగాలు తెప్పించేవారి సంగతి దీనికి తలకిందులు. టెక్కలి వైపు గ్రానైట్ కోతకు డైమండ్ పనిముట్లు తెచ్చేవారిదీ అంతే. ఒక్క కంటైనర్, నలభై లైన్లు, పదిహేను కోడ్లు. అక్కడ ప్రతి లైనుకూ కోడు, పరిమాణం, ధర చెక్‌లిస్టుతో పోల్చడం మనిషికి నరకం. అక్కడైతే ఈ సాఫ్ట్‌వేర్ పెట్టుబడికి న్యాయం చేస్తుంది. జీడిపప్పు ఫ్యాక్టరీ కూడా యంత్రం తెప్పించినప్పుడు ఈ చిక్కులో పడుతుంది. రంగు చూసి పప్పు వేరుచేసే సార్టరుకు 8433, 8437, 8438 మూడు శీర్షికలూ దగ్గరగానే కనిపిస్తాయి. ఏ ఏఐని అడిగినా వాటిలో ఒకటి చెప్పి, దానికి కారణమూ చెబుతుంది. మళ్లీ అడిగితే ఇంకోటి చెప్పొచ్చు. యంత్రం క్యాటలాగు, పనిచేసే తీరు సీహెచ్‌ఏ ముందు పెట్టి తేల్చుకోండి. సొమ్ము పెద్దదైతే అడ్వాన్స్ రూలింగ్ (సరుకు తేకముందే అధికారికంగా తీసుకునే తీర్పు) తీసుకునే వీలు చట్టంలోనే ఉంది.

కొనేముందు అమ్మేవారిని ఈ ప్రశ్నలు అడగండి. ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో రేటు మారితే మీ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడు మారుతుంది? ఫ్రెంచి కాగితం చదువుతుందా, ఇక్కడే చదివి చూపిస్తారా? అంకె పక్కన అది కాగితంలో ఎక్కడ ఉందో చూపిస్తుందా? మానేస్తే మా డేటా మొత్తం ఎక్సెల్‌లో ఇచ్చేస్తారా? రెండో ప్రశ్నకు మీ సొంత కాగితంతో అక్కడికక్కడే చేసి చూపించకపోతే ఇంటికి పంపేయండి. వాళ్లు చూపించే నమూనా కాగితాలు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి.

ఎంచుకునే ముందు చేయాల్సిన పరీక్ష

పాత కన్‌సైన్‌మెంట్లు పది తీయండి. వాటిలో మూడైనా కస్టమ్స్ క్వెరీ పడినవై ఉండాలి. మిగిలిన ఏడింటిలో కాపీల మీద మీరే తప్పులు పెట్టండి: ఒకచోట బస్తా తగ్గించండి, ఒక కంటైనర్ నంబరులో అంకె మార్చండి, ఒక ఫైటో తేదీని బీఎల్ తేదీ తరువాతకు జరపండి, ఒక సర్టిఫికెట్‌లో దేశం మార్చండి, ఒక పేజీ తీసేయండి. ఏమేం మార్చారో వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇప్పుడు మీరు అనుకున్న దారిలో పదింటినీ నడిపించండి.

రెండు లెక్కలు చూడాలి. ఎన్ని తప్పులు పట్టింది, తప్పు లేనిచోట ఎన్నిసార్లు అరిచింది. బరువు, బస్తాలు, కంటైనర్, దేశం విషయంలో ఒక్కటి వదిలేసినా ఆ దారి ఇంకా సిద్ధం కానట్టే. మార్చిన ప్రశ్నతో మళ్లీ నడపండి. ఇక ఉత్తుత్తి అరుపులు కన్‌సైన్‌మెంటుకు ఐదారు దాటితే, మీ గుమాస్తా రెండు వారాల్లో చదవడం మానేస్తాడు. ఊరి పేరు స్పెల్లింగులో చిన్న తేడాలు, ‘లిమిటెడ్’ను కుదించి రాయడం వంటివాటిని వదిలేయమని ప్రశ్నలోనే రాస్తే ఈ అరుపులు బాగా తగ్గుతాయి.

గుట్టు, తాళాలు

ఐస్‌గేట్ పాస్‌వర్డ్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఏ ఏఐ సాధనానికీ ఇవ్వకండి. కాగితం చదవడానికి వాటితో అవసరం లేదు. అడిగిందంటే అది మీకు అక్కర్లేని సాధనం. చాట్ ఏఐలో మీ కాగితాలను శిక్షణకు వాడుకోకుండా ఆపే సెట్టింగు ఉంటుంది, మొదటి కాగితం పెట్టకముందే అది ఆపండి. ఫ్యాక్టరీలో నలుగురూ నాలుగు సొంత ఉచిత ఖాతాల్లో ధరల కాగితాలు పోయడం కంటే, ఒక్క డబ్బు కట్టిన ఖాతా పెట్టుకోవడం నయం.

మీ షీటులో డబ్బు కాపాడే వరుస ఒకటి కలపండి: సప్లయరు బ్యాంకు ఖాతా నంబరు. కాంట్రాక్టులో, ప్రొఫార్మాలో, చివరి ఇన్వాయిస్‌లో ఆ నంబరు ఒకటే ఉండాలి. మధ్యలో మెయిల్ దొంగలు చొరబడి ఖాతా మార్చిన ఇన్వాయిస్ పంపడం దిగుమతి వ్యాపారంలో తెలిసిన మోసమే. తేడా కనిపిస్తే మెయిల్‌కు జవాబివ్వకండి, పాత నంబరుకు ఫోను చేసి సప్లయరు గొంతు విన్నాకే డబ్బు పంపండి.

ఎవరికి ఏది

ఏడాదికి ఐదు లోపు కన్‌సైన్‌మెంట్లు, ఒక్కటే సరుకు: సీహెచ్‌ఏ, మీ కళ్లు, చెక్‌లిస్టు. ఐదు నుంచి ముప్పై: చాట్ ఏఐ, షీటు, సీహెచ్‌ఏ. ముప్పై, యాభై మధ్య ఉన్నవారు సప్లయర్లను లెక్కపెట్టుకోండి. కాగితాల నమూనాలు పది రకాలుంటే చాట్ దగ్గరే ఆగండి, మూడు నాలుగు రకాలే అయితే మూడో దారి చూడండి. ఇన్వాయిస్‌కు పది లైన్లు దాటుతూ, రకరకాల కోడ్లు ఉంటే కన్‌సైన్‌మెంట్ల లెక్కతో పనిలేదు, నాలుగో దారి అడగండి. లేదా ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పటికే వాడుతున్న సీహెచ్‌ఏ దగ్గరికి మారండి. ఇది చాలామందికి తట్టని దారి, చాలాసార్లు చవకైనది కూడా.

రెండో దారిలో వెళ్లేవారు మొదటి నెల పాత పద్ధతిలో మనిషి చూపును ఆపొద్దు. గుమాస్తా తన తనిఖీ తను రాసి కవర్లో పెట్టాలి, ఆ తరువాతే షీటు తెరవాలి. రెండూ పోల్చి చూసి, ఎవరు ఏది వదిలారో షీటులోనే ఒక వరుసలో రాసుకోండి. ప్రతి కన్‌సైన్‌మెంటుకూ ఒక ఫోల్డరు, దానిలో కాగితాలు, షీటు, సీహెచ్‌ఏకు మీరు ఓకే చెప్పిన మెసేజీ స్క్రీన్‌షాట్, ఫారం 1. ఫోల్డరు పేరు మొదట బిల్ ఆఫ్ ఎంట్రీ తేదీ ఉండాలి, ఐదేళ్లు ఎప్పటికి నిండుతాయో దాన్నిబట్టే లెక్క.